సాయంత్రం ఆరు తర్వాత ఎవరితో మాట్లాడతారు? వేసవిలో స్పానిష్ కోర్సులపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఈ పేజీ మొత్తం ఒకే విషయానికి ఇచ్చేశాం. వేసవిలో విదేశానికి వెళ్ళి స్పానిష్ నేర్చుకోవాలనుకునేవాళ్ళ ఉత్తరాలు చాలా చేరాయి, వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. జులైలో నాలుగు వారాలు స్పెయిన్ వెళ్ళి స్పానిష్ నేర్చుకోవాలని ఉంది. ఇప్పటికైతే ఒక్క ముక్క రాదు. అక్కడికెళ్తే చుట్టూ అదే భాష కాబట్టి సున్నా నుంచి మొదలుపెట్టినా త్వరగా వచ్చేస్తుందని స్నేహితులు అంటున్నారు. బార్సిలోనా అనుకుంటున్నాను. సరైన నిర్ణయమేనా?

జవాబు: ముందు ఆ సున్నా సంగతి మాట్లాడుకుందాం. అక్కడికెళ్తే భాష దానంతటదే వచ్చేస్తుందనే మాట నేను ఒప్పుకోను. ఏమీ రాకుండా వెళ్ళినవాళ్ళకి మొదటి రెండు వారాలు అంకెలు, వారాల పేర్లు, "నా పేరు ఫలానా, మాది ఫలానా దేశం" అనడంతోనే గడిచిపోతాయి. ఇవన్నీ ఇంట్లో ఒక పుస్తకం పెట్టుకుని, లేదా ఆన్‌లైన్ క్లాసులో చేరి, నాలుగైదు నెలల్లో నింపాదిగా నేర్చుకోగలిగినవే. వీటి కోసం అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళనక్కర్లేదు. యూరప్‌లో భాషా స్థాయిల్ని ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరుగా లెక్కపెడతారు కదా, నా ఉద్దేశంలో ఎ1 పూర్తిచేసి ఎ2లో అడుగుపెట్టినవాళ్ళకి ఒక నెల కోర్సు బాగా కలిసొస్తుంది. అంటే వర్తమానంలో తడుముకోకుండా మాట్లాడటం, జరిగిపోయిన విషయం ఎలాగోలా చెప్పగలగడం, దారి అడిగి జవాబు అర్థం చేసుకోవడం వస్తే చాలు. అక్కడి మనుషులు మీతో మాట్లాడటానికి ఆ కాస్త చాలు, మిగతాది వాళ్ళే నేర్పిస్తారు. ఇంకో సంగతి, చాలాచోట్ల ఏ సోమవారమైనా ప్లేస్‌మెంట్ టెస్టు రాసి క్లాసులో చేరిపోవచ్చు గానీ, సున్నా నుంచి మొదలుపెట్టే బ్యాచ్‌లు మాత్రం నిర్ణీత తేదీల్లోనే ఉంటాయి. టికెట్ కొనే ముందు ఆ తేదీలు చూసుకోండి.

బార్సిలోనా అందమైన ఊరే, కానీ నాలుగు వారాలే చేతిలో ఉన్నవాళ్ళకి నేను ఆ ఊరు చెప్పను. అక్కడ స్పానిష్‌తో పాటు ఆ ప్రాంతపు సొంత భాష కాటలాన్ కూడా అధికార భాష. బోర్డులు, మెట్రో ప్రకటనలు, చాలా ఇళ్ళల్లో మాటలు కాటలాన్‌లోనే నడుస్తాయి. స్పానిష్ అందరికీ వచ్చు, అడిగితే మాట్లాడతారు, అందులో ఇబ్బందేమీ లేదు. అయితే జులైలో ఆ ఊరి నిండా పర్యాటకులే కాబట్టి హోటల్లో, దుకాణంలో మీరు స్పానిష్‌లో మొదలుపెట్టినా అవతలివాళ్ళు మీ మీద దయతో ఇంగ్లీషులోకి వచ్చేస్తారు. నేర్చుకునేవాళ్ళకి అదే పెద్ద నష్టం. మీరు ఏ ఊరు చూసుకున్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: క్లాసు మధ్యాహ్నానికి అయిపోతుంది, మరి సాయంత్రం ఆరు తర్వాత నేను ఎవరితో మాట్లాడతాను? దీనికి జవాబు దొరికితే ఊరు దొరికినట్టే.

ప్రశ్న: సలమాంకా, గ్రనాడా, సంతాందేర్, ఈ మూడింటి మధ్య తేల్చుకోలేకపోతున్నాను. స్పానిష్ బి1 దాకా వచ్చాను. సలమాంకాలోనే స్వచ్ఛమైన స్పానిష్ మాట్లాడతారంటారు, నిజమేనా? ఎండ ఎక్కడ తక్కువ?

జవాబు: మూడూ మంచి ఊళ్ళే, మూడూ మూడు రకాలు. మీరు బి1 అంటున్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

సలమాంకా విశ్వవిద్యాలయం 1218లో మొదలైంది, స్పెయిన్‌లో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అన్నిటికంటే పాతది. కాస్టిలియన్ భాషకు, అంటే మనం స్పానిష్ అనేదానికే, తొలి అచ్చు వ్యాకరణం రాసిన ఆంటోనియో దె నెబ్రిహా అక్కడ చదువుకున్నాడు, అక్కడే పాఠాలు చెప్పాడు. ఆ పుస్తకం 1492లో వచ్చింది. విదేశీయులకు స్పానిష్ నేర్పడంలో ఆ ఊరికి ఎంతో అనుభవం ఉంది, ఊరంతా నడిచి తిరిగేంతే ఉంటుంది, సాయంత్రమైతే జనమంతా ఊరి పెద్ద కూడలి ప్లాసా మయోర్‌కి చేరతారు. విశ్వవిద్యాలయం పాత భవనం ముఖద్వారం మీది శిల్పాల్లో పుర్రె మీద కూర్చున్న ఒక కప్ప ఉంది, దాన్ని ఎవరి సాయం లేకుండా కనిపెట్టిన విద్యార్థి పరీక్ష పాసవుతాడని అక్కడి నమ్మకం. మొదటి రోజు అందరూ అక్కడ మెడలు ఎత్తి వెతుకుతుంటారు, మీరూ వెతకండి. "స్వచ్ఛమైన స్పానిష్" అనే మాటను మాత్రం పట్టించుకోకండి. అక్కడివాళ్ళు అక్షరాలు మింగకుండా పలుకుతారు కాబట్టి కొత్తవాళ్ళకి అర్థం చేసుకోవడం తేలిక, అంతవరకు నిజం. అంతమాత్రాన పెరూలోని లీమాలోనో దక్షిణ స్పెయిన్‌లోని సెవిల్లెలోనో మాట్లాడేది తక్కువరకం స్పానిష్ అయిపోదు.

సలమాంకాతో ఒక చిక్కు ఉంది, దీని గురించి బ్రోచర్లలో ఎవరూ రాయరు. అది విద్యార్థుల ఊరు. జులై వచ్చేసరికి స్థానిక విద్యార్థులు సెలవులకి ఇళ్ళకి వెళ్ళిపోతారు, వాళ్ళ స్థానంలో విదేశీ విద్యార్థులు దిగుతారు. మీరు కాస్త ఏమరుపాటుగా ఉన్నా ఆ విదేశీ గుంపులో కలిసిపోయి నెలంతా ఇంగ్లీషులోనే గడిపేస్తారు. జూన్‌లో వెళ్ళగలిగితే సలమాంకా చాలా బాగుంటుంది, లేదా జులైలోనైనా విద్యార్థుల హాస్టల్ కాకుండా ఒక కుటుంబంతో ఉండే వసతి తీసుకోండి.

గ్రనాడా మనసు దోచే ఊరు. అల్‌హంబ్రా కోట అక్కడే ఉంది. దాని టికెట్లు వేసవిలో చాలా ముందే అయిపోతాయి, పైగా లోపలి నస్రిద్ వంశపు రాజభవనాల్లోకి వెళ్ళడానికి టికెట్ మీద ఒక నిర్దిష్ట సమయం ఉంటుంది, అది దాటితే లోపలికి వదలరు. గ్రనాడా ఉన్న దక్షిణాది ఆండలూసియా ప్రాంతపు యాసలో మాట చివరి 'స్' చాలాసార్లు వినపడదు. మొదటి వారం ఏమీ అర్థం కాక టెన్షన్ పడతారు, బి1 ఉన్నవాళ్ళకి రెండో వారం నుంచి చెవి అలవాటుపడుతుంది. ఆ యాస పట్టుబడితే కరీబియన్ దేశాల స్పానిష్ కూడా సగం తేలికైపోతుంది, అక్కడా ఇలాంటి పలుకుబడే ఎక్కువ. ఎండ గట్టిగానే ఉంటుంది కానీ కొండల ఊరు కాబట్టి రాత్రిళ్ళు కొంత చల్లబడుతుంది. సెవిల్లె, కోర్డోబా ప్రాంతం అలా కాదు. 2021 ఆగస్టు 14న కోర్డోబా దగ్గరి లా రంబ్లాలో 47.6 డిగ్రీలు నమోదైంది. జులై, ఆగస్టు నెలల్లో ఆ రెండు ఊళ్ళకి చదువు కోసం వెళ్ళొద్దు, ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో వెళ్ళండి.

ఇక సంతాందేర్. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉంటుంది. జులైలో కూడా పగటి వేడి మామూలుగా 25 డిగ్రీల దగ్గరే, అప్పుడప్పుడు జల్లు కూడా పడుతుంది. 1932లో పుట్టిన మెనెందెస్ పెలాయో అంతర్జాతీయ విశ్వవిద్యాలయం వేసవి కోర్సులకే పేరు పడ్డది. ఒకప్పుడు రాజుగారి వేసవి విడిదిగా ఉన్న మగ్దలేనా భవనంలో దాని ఉపన్యాసాలు జరుగుతాయి, విదేశీయులకు స్పానిష్ కోర్సులూ ఉన్నాయి. నాకు ఈ ఊరు నచ్చడానికి అసలు కారణం వేరే. జులై, ఆగస్టుల్లో మాడ్రిడ్ వాళ్ళు, కాస్టిలియా వాళ్ళు సెలవులకి వచ్చే ఊరు అది. ఆ నెలల్లో లోపలి ఊళ్ళు ఖాళీ అవుతుంటే ఇది స్పానిష్ మాట్లాడే కుటుంబాలతో నిండుతుంది. జులై 25 శాంటియాగో పండగ చుట్టూ ఊళ్ళో వారం పైగా వేడుకలు ఉంటాయి. ఆగస్టులో వెళ్ళేవాళ్ళెవరైనా ఇదే పద్ధతిలో ఆలోచించండి: స్పెయిన్‌వాళ్ళు సెలవులకి ఎక్కడికి పోతారో మీరూ అక్కడికి పోండి. ఉత్తర తీరంలోనే ఉన్న హిహోన్ అయినా బాగుంటుంది, యాస కష్టమైనా పరవాలేదనుకుంటే దక్షిణాన కాదిస్ కూడా.

మీ ఉత్తరాన్ని బట్టి మీకైతే సంతాందేర్ చెప్తాను. గ్రనాడా ఆశ తీరకపోతే చివరి వారాంతం ఒకసారి వెళ్ళి రండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్ళు. స్కూలు అయ్యాక వేసవిలో మూడు వారాలు స్పెయిన్‌లో ఒక కుటుంబంతో ఉండి చదువుకుంటానంటోంది. వాళ్ళు రాత్రి పదింటికి భోజనం చేస్తారట, పిల్లలు అర్ధరాత్రి దాకా బయటే ఉంటారట. పంపించాలంటే భయంగా ఉంది.

జవాబు: మీ భయం అర్థమైంది, కానీ ఆ రెండు విషయాలూ భయపడాల్సినవి కావు. స్పెయిన్ గడియారం మధ్య యూరప్ సమయంతో నడుస్తుంది, దేశమేమో బాగా పడమటికి ఉంది. అందుకే జూన్ నెలాఖర్లో మాడ్రిడ్‌లో సూర్యాస్తమయం దాదాపు రాత్రి పది గంటలకు. మధ్యాహ్న భోజనం రెండు మూడింటికి, రాత్రి భోజనం తొమ్మిదిన్నర పదికి. పదకొండింటికి కూడలిలో ముసలివాళ్ళు, చంటిపిల్లలతో తల్లులు కూర్చుని కబుర్లాడుకుంటారు. రాత్రి బయట ఉండటమంటే అక్కడ తప్పుదారి పట్టడం కాదు, పగటి ఎండ తగ్గాక ఊరంతా చేసే పని.

మీరు నిజంగా అడగాల్సినవి వేరే ఉన్నాయి. మైనర్ల కోసం విడిగా కోర్సు ఉందా, లేక పెద్దవాళ్ళ కోర్సులోనే చేర్చుకుంటున్నారా? క్లాసు అయ్యాక పిల్లల్ని చూసుకునే మనిషి ఎవరు, రాత్రిపూట ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు? ఎన్నింటికల్లా ఇంటికి చేరాలనే నియమం రాతపూర్వకంగా ఉందా? ఆతిథ్య కుటుంబంలో ఎవరెవరు ఉంటారు, అదే ఇంట్లో ఇంకెవరైనా విదేశీ విద్యార్థిని ఉంటుందా? ఉంటే వేరే భాష మాట్లాడే అమ్మాయి అయ్యేలా చూడమని అడగండి, అప్పుడు ఇద్దరూ స్పానిష్‌లోనే మాట్లాడుకోవాలి. ఆ కుటుంబంలో పదేళ్ళ లోపు పిల్లలుంటే ఇంకా మంచిది. చిన్నపిల్లలు తప్పుల్ని మొహమాటం లేకుండా దిద్దుతారు, అదే మాట విసుగు లేకుండా మళ్ళీ మళ్ళీ చెప్తారు. స్పెయిన్‌లో మద్యానికి కనీస వయసు 18, మీ అమ్మాయికి అది తెలిసి ఉండాలి. అత్యవసర నంబరు 112, ఫోన్లో ముందే పెట్టించండి. వీసాకి తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం అడుగుతారు కాబట్టి ఆ పని చివరిదాకా ఉంచొద్దు.

రోజూ వీడియో కాల్ చేయమని మాత్రం అడగకండి. రెండు మూడు రోజులకోసారి చాలు. రోజూ సాయంత్రం గంటసేపు ఇంటి భాషలో మాట్లాడితే ఆ కుటుంబంతో కూర్చునే గంట పోతుంది.

ప్రశ్న: నేను పూర్తి శాకాహారిని, గుడ్డు మాత్రం తింటాను. స్పెయిన్‌లో నెల రోజులు గడపగలనా?

జవాబు: గడపగలరు, గుడ్డు తింటారు కాబట్టి ఇంకా సులువు. బంగాళాదుంప, గుడ్లతో చేసే తోర్తియా ప్రతి బార్‌లోనూ ఉంటుంది. టమాటా రుద్దిన రొట్టె, చల్లటి టమాటా సూప్ గాస్‌పాచో, పద్రోన్ మిరపకాయల వేపుడు ఉంటాయి. జాగ్రత్త పడాల్సిందల్లా ఒకటి, "మాంసం తినను" అని మాత్రమే చెప్తే సరిపోదు. హామ్ అనే పంది మాంసపు ముక్కల్ని, ట్యూనా చేపని చాలామంది మాంసం కింద లెక్కపెట్టరు. కూరగాయల శాండ్‌విచ్‌లో ట్యూనా వస్తుంది, సాల్మొరేహో అనే చిక్కటి టమాటా సూప్ పైన హామ్ తరుగు చల్లుతారు, చిక్కుళ్ళ కూరలో ఎముకల రసం ఉండొచ్చు. కాబట్టి "ని కార్నె, ని పెస్కాదో, ని హమోన్" (మాంసం వద్దు, చేప వద్దు, హామ్ వద్దు) అని మూడూ విడివిడిగా చెప్పండి. కుటుంబంతో ఉండేటట్టయితే దరఖాస్తులోనే రాయండి, అక్కడికి దిగాక చెప్తే వాళ్ళకీ ఇబ్బంది, మీకూ ఇబ్బంది.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా ప్రాజెక్టులో సగం మంది మెక్సికో వాళ్ళు. రెండు వారాల సెలవు పెట్టి స్పానిష్ మెరుగుపరచుకోవాలని ఉంది. అందరూ స్పెయిన్ అంటున్నారు, నాకేమో మెక్సికో వెళ్తే బాగుంటుందేమో అనిపిస్తోంది.

జవాబు: మీకు అనిపించిందే సరైనది. ఎవరితో మాట్లాడాలో ముందే తెలిసిన అదృష్టం అందరికీ ఉండదు, మీరు ఆ మనుషుల దేశానికే వెళ్ళండి. చనువున్నవాళ్ళని "మీరంతా" అనడానికి స్పెయిన్‌లో నేర్పే "వొసోత్రోస్" రూపాలు మెక్సికోలో వాడుకలో లేవు. అక్కడ స్నేహితుల గుంపునైనా, స్పెయిన్‌లో మర్యాదకి వాడే "ఉస్తెదెస్" అనే పిలుస్తారు. మర్యాద పాలు కూడా ఎక్కువ. ఏదన్నా అడిగేముందు పలకరింపు, క్షేమసమాచారం, ఆ తర్వాతే పని. ఆఫీసు మెయిల్స్‌లో కూడా ఇది కనబడుతుంది, మీరు గమనించే ఉంటారు. మెక్సికో నగరం చుట్టుపక్కల మాట్లాడే తీరులో హల్లులు స్పష్టంగా వినిపిస్తాయి, నేర్చుకునేవాళ్ళకి అది మేలు.

మెక్సికో జాతీయ స్వయంప్రతిపత్త విశ్వవిద్యాలయం 1921 నుంచే విదేశీయులకు వేసవి పాఠశాల నడుపుతోంది. ఇప్పుడు అది ఏడాది పొడవునా నడిచే పెద్ద కేంద్రం. కానీ విశ్వవిద్యాలయం కోర్సులు వారాల తరబడి ఉంటాయి, మీకున్నది రెండు వారాలే కాబట్టి ఒక్కరికే పాఠం చెప్పే ప్రైవేటు టీచర్‌ని చూసుకోవడం మేలు. మెక్సికోలోనే ఉన్న వహాకాలో అలాంటి స్కూళ్ళున్నాయి. జులైలో వెళ్తే అక్కడి గెలగెత్సా నృత్యోత్సవం కూడా చూడొచ్చు, వసతి మాత్రం ముందే తీసుకోవాలి. ఒక్కరికి ఒక్క టీచర్ అన్న పద్ధతికి ఇంకా పేరుపడ్డ చోటు గ్వాటిమాలాలోని ఆంటిగ్వా. పొద్దున నాలుగైదు గంటలు టీచర్ ఎదురుగా మీరొక్కరే కూర్చుంటారు, తప్పించుకునే వీలుండదు. ఖర్చు కూడా స్పెయిన్ కంటే బాగా తక్కువ. మెక్సికోలోనూ గ్వాటిమాలాలోనూ జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం, ఎక్కువగా మధ్యాహ్నం దాటాక కురుస్తుంది, పొద్దుటి క్లాసులకి ఏ ఆటంకం ఉండదు.

మెక్సికో నగరం 2,240 మీటర్ల ఎత్తున ఉంది, కొలంబియాలో బొగోతా 2,640, ఈక్వెడార్‌లో కీతో 2,850, పెరూలో కుస్కో దాదాపు 3,400. ఈ ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు మొదటి రెండు రోజులు క్లాసు పెట్టుకోకపోవడం మంచిది, తలనొప్పి, ఆయాసంతో పాఠం బుర్రకెక్కదు. అర్జెంటీనా వైపు చూస్తున్నవాళ్ళు కూడా ఉన్నారు, జులైలో అక్కడ చలికాలం అని గుర్తుంచుకోండి. అర్జెంటీనా వాళ్ళు నువ్వు అనడానికి "వోస్" వాడతారు, దాంతో క్రియలూ మారతాయి. మీకది ఇప్పుడు అనవసరం.

ప్రశ్న: ఆరు వారాల కోర్సుకి స్టూడెంట్ వీసా కావాలా, టూరిస్టు వీసా చాలా? మధ్యలో మొరాకో చూసి రావచ్చా?

జవాబు: స్పెయిన్‌కి వీసా అవసరమైన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి 90 రోజుల లోపు కోర్సైతే షెంగెన్ (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల గుంపు) స్వల్పకాలిక వీసా చాలు, అదే టైప్ సి. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో మీరు షెంగెన్ దేశాలన్నిట్లో కలిపి 90 రోజులకు మించి ఉండకూడదు. కోర్సు 90 రోజులు దాటితేనే స్టూడెంట్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి ఆ 15 రోజుల లెక్కని నమ్ముకోవద్దు, మూడు నెలల ముందే కదలండి. ఫీజు పెద్దలకి 90 యూరోలు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి, షెంగెన్ దేశాలన్నిట్లో చెల్లాలి. స్కూలు నుంచి చేరిక పత్రం, వసతి వాళ్ళే చూస్తుంటే ఆ ఇంటి చిరునామా, తేదీలు ఉన్న లేఖ అడిగి తీసుకోండి. వీసా రాకపోతే ఫీజు ఎంత వెనక్కిస్తారో డబ్బు కట్టే ముందే స్కూలువాళ్ళని అడగండి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.

మొరాకో గురించి మంచి ప్రశ్న అడిగారు. స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న తరీఫా నుంచి ఫెర్రీ ఎక్కితే గంటకు అటూ ఇటూగా మొరాకోలోని టాంజియర్‌లో ఉంటారు, అందుకే చాలామంది సరదాగా వెళ్ళొద్దామనుకుంటారు. కానీ అది షెంగెన్ బయటి దేశం. సింగిల్ ఎంట్రీ వీసాతో అవతలికి వెళ్తే మళ్ళీ స్పెయిన్‌లోకి రానివ్వరు. మల్టిపుల్ ఎంట్రీ ఉంటేనే వెళ్ళండి, మొరాకో వీసా నియమాలు విడిగా చూసుకోండి.

ప్రశ్న: కోర్సు చివర ఇచ్చే సర్టిఫికెట్‌కి విలువ ఉంటుందా, లేక డీఈఎల్‌ఈ (DELE) అనే స్పానిష్ పరీక్ష రాయాలా? సీల్ (SIELE) అని ఇంకో పరీక్ష పేరు కూడా వినపడుతోంది.

జవాబు: కోర్సు సర్టిఫికెట్ మీరు హాజరయ్యారని చెప్తుంది, అంతే. విశ్వవిద్యాలయం కోర్సైతే యూరప్ విశ్వవిద్యాలయాల్లో చదువుని లెక్కగట్టే ఇసిటిఎస్ క్రెడిట్లు ఇస్తారు, వాటిని మీ కాలేజీ ఒప్పుకుంటుందో లేదో వెళ్ళకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. డీఈఎల్‌ఈ డిప్లొమాను స్పెయిన్ విద్యాశాఖ తరఫున, స్పానిష్ భాషా ప్రచారం కోసం ఆ ప్రభుత్వం నడిపే ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ ఇస్తుంది. మీరు ఎంచుకున్న ఒక్క స్థాయికే పరీక్ష, పాసైతే జీవితాంతం చెల్లుతుంది. సీల్ కంప్యూటర్ మీద రాసే పరీక్ష, మార్కుల్ని బట్టి మీ స్థాయి చెప్తారు, అయిదేళ్ళు చెల్లుతుంది. త్వరగా కాగితం కావాలంటే సీల్, పై చదువుకో టీచర్ ఉద్యోగానికో అయితే డీఈఎల్‌ఈ. కోర్సు ముగిసిన మర్నాడే పరీక్ష పెట్టుకోవద్దని నా సలహా. ఆ నెలంతా పాత పేపర్లు చేస్తూ గదిలో కూర్చునేదానికి స్పెయిన్ దాకా వెళ్ళడం ఎందుకు? వచ్చాక నవంబరులో రాయండి. స్కూలు ఎంచుకునేటప్పుడు సెర్వాంతెస్ గుర్తింపు ఉందో లేదో వాళ్ళ జాబితాలో చూసుకోవచ్చు.

ప్రశ్న: పోయిన వేసవిలో స్పెయిన్ వెళ్ళి నెల రోజులు ఉండి వచ్చాను. క్లాసులో బాగానే చేశాను, వ్యాకరణం మార్కులు బాగున్నాయి. కానీ బయట నలుగురు మాట్లాడుకుంటుంటే ఏమీ పట్టుకోలేకపోయాను, నోరు తెరవడానికి సిగ్గేసింది. డబ్బు వృథా చేశానని ఇంట్లో అంటున్నారు. నాకు భాషలు రావేమో.

జవాబు: అలా అనుకోవద్దు. నెల రోజుల తర్వాత నలుగురి మధ్య మాటలు పట్టుకోలేకపోవడం మీ ఒక్కరి సమస్య కాదు, బి1లో ఉన్న దాదాపు అందరికీ ఇంతే. క్లాసులో టీచర్ మీకోసం నెమ్మదిగా, ఒక్కరే మాట్లాడతారు. బయట నలుగురు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు, స్పెయిన్‌లో అది అమర్యాద కూడా కాదు. అది పట్టుబడటానికి నెలలు పడుతుంది. మీ చెవికి ఆ అలవాటు మొదలయ్యే ఉంటుంది, ఇప్పుడు వదిలేస్తేనే డబ్బు వృథా.

తెలుగు మాట్లాడేవాళ్ళకి స్పానిష్‌లో కొన్ని అనుకూలాలున్నాయి, వాటిని మనం సరిగా వాడుకోవడం లేదని నాకెప్పుడూ అనిపిస్తుంది. స్పానిష్ 'త', 'ద' మన త, ద లాగే పళ్ళకి నాలుక ఆనించి పలికేవి, ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు దీనికోసం తంటాలు పడతారు. అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ, అయిదే. "వచ్చాను" అంటే నేను అని, "వచ్చావు" అంటే నువ్వు అని మనకి క్రియ చివరే చెప్పేస్తుంది కదా, స్పానిష్‌లోనూ అంతే, అందుకే వాళ్ళు కర్తని వదిలేస్తారు. "నాకు కాఫీ ఇష్టం", "నాకు తల నొప్పిగా ఉంది" అనే వాక్యాలు మనం ఎలా కడతామో "మె గుస్తా ఎల్ కఫే", "మె దువేలె లా కబేసా" కూడా అలాగే కడతారు. చాలామంది ఇంగ్లీషులో ఆలోచించి "నేను ఇష్టపడతాను" అని మొదలుపెట్టి చిక్కుకుంటారు. తెలుగులోంచి నేరుగా స్పానిష్‌లోకి వెళ్ళి చూడండి, ఆ తడబాటు సగం పోతుంది. కష్టమైనవీ ఉన్నాయి. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం అని ప్రతి మాటకీ గుర్తుపెట్టుకోవాలి, అది మన భాషలో లేదు. మనం పొట్టి అచ్చు, పొడుగు అచ్చు తేడా చూస్తాం, వాళ్ళు ఏ అక్షరం మీద ఊపు పెట్టాలో చూస్తారు. "ఆబ్లో" అంటే నేను మాట్లాడతాను, ఊపు చివరికి పోతే అతను మాట్లాడాడు. చెవి మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. రోజూ ఇరవై నిమిషాలు స్పానిష్ రేడియో పెట్టి, అర్థం కాకపోయినా సరే, ఊపు పడ్డచోట వేలితో బల్ల మీద తట్టండి.

ఇక సిగ్గు. మళ్ళీ వెళ్ళే అవకాశం వస్తే నలుగురున్న చోట మొదలుపెట్టకండి, ఇద్దరే ఉన్నచోట మొదలుపెట్టండి. ఇంటర్‌కాంబియో అని అక్కడి ఊళ్ళల్లో సాయంత్రాలు నడుస్తాయి. మీరు అరగంట వాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడతారు, వాళ్ళు అరగంట మీతో స్పానిష్ మాట్లాడతారు. అవతలివాళ్ళకీ అంతే భయం ఉంటుంది కాబట్టి మీకు ధైర్యం వస్తుంది. ఇది ఇప్పుడు ఇంటి నుంచి వీడియోలో కూడా చేయొచ్చు, వారానికి రెండుసార్లు చేయండి. ఒకే కాఫీ షాపుకి రోజూ ఒకే సమయానికి వెళ్ళడం కూడా మంచి పద్ధతి, నాలుగో రోజుకి ఆ కౌంటర్ దగ్గరి మనిషే మిమ్మల్ని పలకరిస్తాడు.

ప్రశ్న: నేను ఈమధ్యే రిటైరైన టీచర్‌ని. పరీక్షలు, ఉద్యోగం ఏమీ అవసరం లేదు, స్పానిష్ కళలు, నాటకాలు అంటే ఇష్టం, ఆ ఇష్టంతోనే రెండేళ్ళుగా భాష నేర్చుకుంటున్నాను. ఇరవయ్యేళ్ళ పిల్లల మధ్య కూర్చోవడం ఇబ్బందిగా ఉంటుందా? ఏ ఊరు, ఏ నెల?

జవాబు: టీచర్ గారూ, మీలాంటి ఉత్తరం వస్తే నాకు సంతోషం. ఇబ్బందేమీ ఉండదు. చాలా స్కూళ్ళల్లో యాభై దాటినవాళ్ళకి విడిగా కోర్సులున్నాయి, పొద్దున భాష, సాయంత్రం మ్యూజియమో వంటపాఠమో పెడతారు. అయినా మీకు కలివిడి క్లాసే చెప్తాను, పిల్లలు మీ దగ్గర ఓపిక నేర్చుకుంటారు, మీకు వాళ్ళ మాటల వేగం అలవాటవుతుంది.

మీ ఇష్టాలకి మాడ్రిడ్ సరైనది. ఆగస్టు వద్దు, ఊరు సగం మూసేసి ఉంటుంది, ఎండ ఎక్కువ. ఎండ తట్టుకోగలిగితే జూన్ నెలాఖరు నుంచి జులై మధ్య దాకా, లేదంటే సెప్టెంబరు. ప్రాడో మ్యూజియం సోమవారం నుంచి శనివారం వరకు సాయంత్రం 6 నుంచి 8 దాకా, ఆదివారాలు 5 నుంచి 7 దాకా ఉచితం. క్యూ ఉంటుంది, అయినా నెల రోజులు ఉండేవాళ్ళకి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. అంతా ఒక్కరోజులో చూడాలని పెట్టుకోకండి. ఒక సాయంత్రం చిత్రకారుడు వెలాస్కెస్ 1656లో గీసిన "లాస్ మెనీనాస్" ఒక్కటే చూసి, అందులో ఎవరెవరు ఏం చేస్తున్నారో స్పానిష్‌లో ఒక పేజీ రాసి మర్నాడు టీచర్‌కి చూపించండి. ఇంకో సాయంత్రం గోయా చిత్రాలు. పికాసో 1937లో గీసిన "గెర్నికా" మాడ్రిడ్‌లోనే రేనా సోఫియా మ్యూజియంలో ఉంది. ఆ చిత్రం నియంత ఫ్రాంకో పాలన పోయాకే, 1981లో స్పెయిన్‌కి చేరింది. దాని గురించి మీకు ఇంట్లో ఆతిథ్యమిచ్చేవాళ్ళలో పెద్దవాళ్ళెవరైనా ఉంటే అడగండి, మీ వయసువాళ్ళకి వాళ్ళు చెప్పే సంగతులు ఇరవయ్యేళ్ళ పిల్లలకి చెప్పరు. మధ్యాహ్నం భోజనం అయ్యాక వాళ్ళు లేవకుండా గంటసేపు బల్ల దగ్గరే కూర్చుంటారు, అడగడానికి అదే సమయం.

నాటకాలన్నారు కాబట్టి, మీరు జులైలో వెళ్తే ఆల్మాగ్రో తప్పకుండా చూడాలి. మాడ్రిడ్‌కి దక్షిణాన లా మంచా ప్రాంతంలో చిన్న ఊరు. పదిహేడో శతాబ్దపు నాటకశాల ఒకటి అక్కడ ఇంకా నిలిచి ఉంది, పైకప్పు లేని ముంగిలి చుట్టూ చెక్క వసారాలు, ఇప్పటికీ అందులో నాటకాలు ఆడతారు. ఏటా జులైలో అంతర్జాతీయ క్లాసికల్ నాటకోత్సవం జరుగుతుంది, లోపే దె వేగా, కాల్దెరోన్ వంటి పాత నాటకకర్తల నాటకాలు ఉంటాయి. ఆ భాష నాలుగు వందల ఏళ్ళ కిందటిది, పైగా పద్యం, కాబట్టి కార్యక్రమాల జాబితా రాగానే ఒక నాటకం ఎంచుకుని ఇంటి దగ్గరే చదువుకుని వెళ్ళండి. కథ తెలిస్తే చెవి పద్యం మీద నిలుస్తుంది. ఆటలు రాత్రి పొద్దుపోయాక మొదలవుతాయి, అయ్యాక మాడ్రిడ్‌కి తిరిగి రావడానికి బండి దొరకదు. ఆ రాత్రికి అక్కడే గది తీసుకోండి, చిన్న ఊరు కాబట్టి పండగ రోజుల్లో గదులు తొందరగా నిండిపోతాయి. నాటకం టికెట్ కంటే ముందు గది చూసుకోండి.